కొలత మధ్యలో పిలుపు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కంట్రోల్-సీ నొక్కినా ప్రోగ్రాం ఆగలేదనీ, కాసేపటికి దానంతట అదే ఆగిందనీ రాశారు. మొండికేసిందా అని అడిగారు. మొండితనం కాదర్రా, చేతిలో పని ఉంది.

నా చిన్నప్పుడు నూర్పిళ్లయ్యాక మా నాన్న కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచేవారు. ఒకటి అనడానికి బదులు "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు అంటూ పోయేవారు. మధ్యలో ఎవరు పిలిచినా పలికేవారు కాదు, పలికితే లెక్క తప్పుతుంది. అలాగని వచ్చినవాళ్లను పంపించేసేవారూ కాదు. మనిషికో గులకరాయి పెట్టమని నన్ను గట్టున కూర్చోబెట్టేవారు. నూగు దురదకు ఒళ్లు గోక్కుంటూనే కాపలా కాసేవాణ్ణి. ఒకే మనిషి ఐదుసార్లు కేకేసినా రాయి ఒక్కటే. కొలత ముగిశాక రాళ్లు చూసి అందరికీ బదులు చెప్పేవారు.

ప్రోగ్రాంకు వచ్చే పిలుపుల్ని సిగ్నళ్లంటారు. వాటిని కాసేపు ఆపే సిగ్‌ప్రాక్‌మాస్క్ అనే ఫంక్షన్ చేసేదీ అదే. కంట్రోల్-సీ నొక్కితే వచ్చేది సిగ్‌ఇంట్ అనే సిగ్నల్, దాని నంబరు 2. దాన్ని కాసేపు ఆపమని ప్రోగ్రాం చెబితే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, పారేయదు, గుర్తు పెట్టుకుంటుంది. మామూలు సిగ్నల్‌కు ఒక్క బిట్టే, అంటే వచ్చిందా లేదా అన్న ఒక్క గుర్తే కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా ఒక్క రాయే. ప్రోగ్రాంను చంపేసే సిగ్‌కిల్, నిలిపేసే సిగ్‌స్టాప్ మాత్రం ఆగవు. గడ్డివాము అంటుకుందంటే మా నాన్నయినా కుంచం వదలాల్సిందే కదా! ఆ రెండింటినీ ఆపమని అడిగినా కెర్నల్ పట్టించుకోదు, తప్పని కూడా చెప్పదు.

కొలత అయిపోయాక కూడా జనాన్ని గట్టున నిలబెట్టకూడదు. ఏ సిగ్నళ్లను ఆపాలో చెప్పే జాబితానే మాస్క్ అంటారు. ఆపేముందు పాత మాస్క్ దాచుకోండి, పని కాగానే దాన్నే తిరిగి పెట్టండి. ఎందుకంటే నడుస్తున్న ప్రోగ్రాంను ప్రాసెస్ అంటారు, దానికి నకలు తీసే ఫోర్క్‌తో పుట్టిన పిల్ల ప్రాసెస్‌కు తల్లి మాస్క్ వస్తుంది, ఎగ్జెక్‌తో వేరే ప్రోగ్రాం ఎక్కించినా అది పోదు. వింత చూడండి, పుట్టిన పిల్లకు మాస్క్ వస్తుంది కానీ తల్లి గట్టున పోగైన రాళ్లు రావు!

ఇక మీరే చూడండి. లినక్స్‌లో 2, 3 నంబర్ల సిగ్నళ్లను ఆపి ఒక నిమిషం నిద్రపోయే చిన్న ప్రోగ్రాం రాయండి. అది నిద్రలో ఉండగా కంట్రోల్-సీ ఐదుసార్లు నొక్కండి. ఇంకో కిటికీలో ప్రాక్ డైరెక్టరీ తెరిచి, ఆ ప్రాసెస్ నంబరు కింద ఉన్న స్టేటస్ ఫైలులో ఎస్‌హెచ్‌డీపీఎన్‌డీ (ShdPnd, ఆగి ఉన్న సిగ్నళ్ల లెక్క) వరుస చివరి అంకె చూడండి. 2 ఉంటుంది. తర్వాత ప్రోగ్రాం కిటికీలో కంట్రోల్‌తో బ్యాక్‌స్లాష్ నొక్కి (3వ నంబరు సిగ్నల్ పంపేది అదే) మళ్లీ చూడండి. ఆ అంకె ఎంతకు మారిందో, ఎందుకు మారిందో నాకు రాయండి.

మీ తాతయ్య