పసుపు మరక ఎర్రబడితే భయపడకండి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో చిన్నోడు చెప్పిన సంగతి నా మనసులోంచి పోవడం లేదు. తెల్ల యూనిఫాం చొక్కా మీద సాంబారు ఒలికిందట. సబ్బు పెట్టి రుద్దితే మరక పోకపోగా రక్తంలా ఎర్రబడిందట. చొక్కా పాడైపోయిందని బకెట్లో ఓ మూల పడేశాడు. అప్పటి నుంచి హాస్టల్లో సాంబారు జోలికి పోకుండా ఉత్త పెరుగన్నం తిని లేస్తున్నాడు. మరకకు భయపడి పిల్లాడు అర్ధాకలితో ఉంటే నేను చూస్తూ ఊరుకోలేను. అందుకే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం.

నాకు పదకొండేళ్లప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. మా పిన్ని పెళ్లిలో బంతిలో కూర్చున్నాను. వడ్డించే ఆయన చెయ్యి వణికి గుమ్మడికాయ పులుసు నా తెల్ల ఓణీ మీద పడింది. నూతి దగ్గరికి పరుగెత్తి సబ్బు బిళ్లతో రుద్దాను. రుద్దేకొద్దీ ఎరుపు. ఏడుపు ఆగలేదు. మా అమ్మ వచ్చి ఒక్క మాటా అనలేదు. నా అరచేతిలో చిటికెడు పసుపు, రెండు చుక్కల నీళ్లు వేసి, తాంబూలం పెట్టెలోంచి కాస్త సున్నం తీసి వేలితో కలిపింది. అరచెయ్యంతా ఎర్రగా పండింది. "పొద్దున పెళ్లికూతురి కాళ్లకి పెట్టిన పారాణి ఏమిటే? ఇదేగా!" అంది. ఆ ఎరుపు మీద నిమ్మచెక్క పిండింది. నేను చూస్తుండగానే మళ్లీ పచ్చబడింది.

మీ సైన్సు పుస్తకంలో ఉండే విషయమే ఇది. పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్‌క్యుమిన్. సున్నంలాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే పసుపుపచ్చకి తిరిగి వస్తుంది. సబ్బులోనూ క్షారమే ఉంటుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లూ, చిన్నోడి చొక్కా మీది ఎర్ర మరకా ఒక్కటే. కొత్త మరకేదీ పడలేదు, బట్టా చెడిపోలేదు.

మరి ఆ పసుపు వదిలేదెలా? అది నీళ్లలో కరగదు, కాబట్టి ఎన్ని బకెట్ల నీళ్లు గుమ్మరించినా అలాగే ఉంటుంది. కానీ ఎండకి నిలవదు. సబ్బంతా పోయేలా బాగా జాడించి, మరక సూర్యుడికి ఎదురుగా ఉండేలా తడిగానే దండెం మీద వేయాలి. మా అమ్మ నా ఓణీని అలాగే ఆరేసింది. మొదటి రోజు సాయంత్రానికి లేత నిమ్మపండు రంగుకి వచ్చింది. మళ్లీ తడిపి రెండో రోజు, మూడో రోజు వేశాక మరక ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చింది. కొత్త బట్టలకి మనం పెట్టే పసుపు బొట్టు నాలుగు ఉతుకులకి కనిపించకుండా పోవడానికి కూడా సగం కారణం ఆ దండెం మీది ఎండే. రంగు బట్టలని మాత్రం రోజుల తరబడి ఎండలో వదలకండి, అసలు రంగే వెలిసిపోతుంది.

ఎండలో వేసేముందు నూనె తీయాలి. సాంబారులో తాలింపు నూనె ఉంటుంది, పసుపు ఆ నూనెని పట్టుకుని నూలులోకి దిగుతుంది. ఆవకాయ మరకైతే చెప్పనే అక్కర్లేదు. కారం ఎరుపు కూడా నూనెలో కరిగే రంగే, కాబట్టి నూనె వదిలితే ఎరుపు చాలావరకు దానితోపాటే పోతుంది. పడగానే చెంచా అంచుతో ఆ ముద్దని పైకి ఎత్తెయ్యండి. తుడిస్తే పావలా అంత మరక అరచెయ్యంత అవుతుంది. ఆ మీద శనగపిండో, ముఖానికి రాసుకునే పౌడరో మందంగా చల్లి ఓ పావుగంట వదిలితే నూనె పీల్చుకుంటుంది. దులిపేసి, బట్ట పొడిగా ఉన్నప్పుడే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మునివేళ్లతో నెమ్మదిగా రుద్దండి. ముందే తడిపితే ఆ లిక్విడ్ పలచనైపోయి నూనెని పట్టుకోలేదు. పది నిమిషాలాగి బట్ట తిరగేసి, మరక వెనక నుంచి పంపు నీళ్లు ధారగా పోయండి. ముందు నుంచి పోస్తే మురికి ఇంకా లోపలికి దిగుతుంది. మరక పూర్తిగా పోయిందని చూసుకోకుండా ఇస్త్రీ చేయకండి. వేడికి మిగిలిన మరక బిగుసుకుపోతుంది.

పాలు, పెరుగు, గుడ్డు, కోడికూర రసం పడితే ముందు చన్నీళ్లే. గుడ్డు ఉడికితే గట్టిపడ్డట్టే వేడినీళ్లు తగిలితే ఆ మాంసకృత్తులు బట్టలోనే గట్టిపడతాయి. హాస్టల్ పాల కాఫీకి కూడా అంతే, చన్నీళ్ల తర్వాతే సబ్బు. నేరేడు పళ్ల మరక సబ్బుకి నీలంగా మారితే కంగారు పడకండి, నిమ్మరసం పెడితే ఎరుపుకి తిరుగుతుంది, తర్వాత జాడించండి.

అరటి కర ఒక్కటే నన్ను ఓడిస్తుంది. పడినప్పుడు నీళ్లలా కనిపిస్తుంది, ఆరాక గోధుమరంగు తేలి ఇక కదలదు. అందుకే అరటిపువ్వు వలిచేటప్పుడు నేను పాత చీర కట్టుకుని, చేతులకి నూనె రాసుకుని కూర్చుంటాను. నల్లజీడి గింజ రసమూ ఇలాంటి మొండిదే. నా చిన్నప్పుడు రేవులో బట్టలుతికేవాళ్లు దానితోనే ప్రతి ఇంటి బట్టకీ ఓ గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులు పడినా, ఉడకబెట్టినా ఆ గుర్తు చెరగదనే ధైర్యంతో!

పెద్దమ్మాయ్, నీకు ప్రత్యేకంగా ఒక మాట. పట్టు బట్ట మీద ఏం పడినా రుద్దకు, పౌడర్ చల్లి డ్రై క్లీనింగ్‌కి ఇచ్చెయ్. పట్టుకి బ్లీచ్ తగిలితే దారమే తినేస్తుంది. అసలు బ్లీచ్‌ని వెనిగర్‌తోగానీ, బాత్రూం కడిగే యాసిడ్‌తోగానీ ఎవరూ ఎన్నడూ కలపకండి. విషవాయువు వస్తుంది, తలుపులు మూసిన బాత్రూంలో ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

చిన్నోడా, ఆ చొక్కా బకెట్లోంచి తీసి ముందు బాగా జాడించి ఆరనివ్వు. గిన్నెల లిక్విడ్ పెట్టి, మళ్లీ జాడించి, నిమ్మచెక్క రాసి ఇంకోసారి కడుగు. రేపు మధ్యాహ్నం మేడ మీద ఎండలో ఆరెయ్. మూడు రోజులయ్యాక ఫోటో తీసి పంపు, నేను మీ అమ్మ ఫోన్లో చూస్తాను. ఈలోగా సాంబారు తిను నాన్నా.

మీ అమ్మమ్మ