రాఖీ కథలో రక్షకుడు ఎప్పుడు మారాడు

శ్రావణ పౌర్ణమి దగ్గరపడేకొద్దీ రాఖీ మీద పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. సోదరుణ్ణి రక్షకుడిగా, సోదరిని రక్షణ కోరే మనిషిగా నిలబెట్టే ఆచారం ఈ కాలానికి తగదని ఒక పక్షం అంటే, పురాణకాలం నుంచి వస్తున్న సంప్రదాయానికి నేటి కొలతలు పెట్టరాదని రెండో పక్షం బదులిస్తుంది. ద్రౌపది చీర చెంగు చింపి కృష్ణుడి వేలికి కట్టిన కథ అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ మళ్లీ చెప్పనక్కరలేదు. గమనించవలసిందేమంటే, ఎంత పోట్లాడుకున్నా ఈ రెండు పక్షాలూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయి: చేతికి రాఖీ ఉన్నవాడే కాపాడేవాడని ఇద్దరూ నమ్ముతారు. పాత గ్రంథం అలా చెప్పదు.

భవిష్య పురాణం ఉత్తరపర్వంలో కృష్ణుడు ధర్మరాజుకు చెప్పిన రక్షావిధి ప్రకారం, అక్షతలు, తెల్ల ఆవాలు, బంగారం చేర్చి కట్టిన చిన్న మూటను అపరాహ్ణ వేళ పురోహితుడు రాజు చేతికి కట్టాలి. దానికి నిదర్శనంగా వచ్చే కథలో దానవుల ముందు నిలవలేకపోయిన ఇంద్రుడి కుడిచేతికి రక్ష కట్టినది అతని భార్య శచీదేవి. ‘యేన బద్ధో బలీ రాజా దానవేంద్రో మహాబలః’ అన్న మంత్రం ఈ విధిలోనిదే. అందులో ‘మా చల, మా చల’ అని కదలవద్దని చెప్పేది ఆ రక్షకే. అన్నాచెల్లెళ్ల ప్రస్తావన ఇందులో లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఇక్కడ కట్టే చేయి రక్షను ఇస్తుంది, కట్టించుకునే చేయి దాన్ని పుచ్చుకుంటుంది. ఇంద్రుడు శచిని కాపాడతానని మాట ఇవ్వలేదు. ఆమె కట్టిన రక్ష ఆసరాతో తాను బయటపడ్డాడు.

ఈ వరుస తలకిందులై, కట్టించుకున్నవాడు రక్షకుడిగా మారిన మలుపు ఏదని అడిగితే, జేమ్స్ టాడ్ రాజస్థాన్ చరిత్రనే ముందుగా చూపవలసి ఉంటుంది. 1818 నుంచి 1822 వరకు మేవాడ్‌లో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న టాడ్ ఆ గ్రంథాన్ని 1829లోనూ 1832లోనూ రెండు సంపుటాలుగా ప్రచురించాడు. 1535లో గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా మేవాడ్ రాజధాని చిత్తోడ్‌ను ముట్టడించినప్పుడు అక్కడి రాణి కర్ణావతి మొఘల్ చక్రవర్తి హుమాయూన్‌కు రాఖీ పంపిందన్న కథ దేశమంతటా పాకడానికి ప్రధాన ఆధారం ఆ పుస్తకమే. ఆపదలో పడిన రాజపుత్ర స్త్రీ తనకు బంధువు కాని ఒక బలవంతుణ్ణి సోదరుడిగా ఎంచుకుని పంపే అభ్యర్థనగా టాడ్ రాఖీని వర్ణించాడు. ఉదయపూర్, బూందీ, కోటా రాణులు తనకూ రాఖీలు పంపారని రాసుకున్నాడు. రాజపుత్ర సంస్థానాలకు తానే అండ అని చెప్పుకుంటున్న కంపెనీకి ఇంతకన్నా అనుకూలమైన ఆచారం దొరకడం కష్టం. సమకాలీన రచయితలెవరూ కర్ణావతి రాఖీని పేర్కొనలేదని, కనుక ఆ కథను అనుమానించవలసిందేనని చరిత్రకారుడు సతీశ్ చంద్ర అభిప్రాయం. హుమాయూన్ చిత్తోడ్‌ను కాపాడనూ లేదు. కోట బహదూర్ షా వశమైంది. రక్షణ అందని ఉదంతమే రక్షాబంధనానికి ఆదర్శ కథగా స్థిరపడటం విచిత్రమే.

కథ మారినంత త్వరగా పల్లెల్లో ఆచారం మారలేదు. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ జిల్లాలో పరిశోధించిన మానవశాస్త్రవేత్త మెకిమ్ మారియట్ 1955లో ప్రచురించిన వ్యాసంలో, శ్రావణ పౌర్ణమి నాడు పురోహితులు తమ యజమానుల చేతులకు దారాలు కట్టి దక్షిణ పుచ్చుకునేవారని, సోదరీమణులు మాత్రం సోదరుల తలమీద, చెవుల మీద యవల మొలకలు ఉంచేవారని నమోదు చేశాడు. కొందరు చెల్లెళ్లు అప్పుడప్పుడే దారం వైపు మొగ్గుతున్నారని, దూరపు పట్టణాల్లో ఉన్న అన్నలకు ఉత్తరంలో పెట్టి పంపడానికి అది వీలుగా ఉంటుందని కూడా ఆయన గమనించాడు. పురోహితుడి చేతిలోని దారం సోదరి చేతికి రావడంలో శాస్త్రం కన్నా తపాలా శాఖ పాత్ర ఎక్కువేమో.

మధ్యలో 1905 అక్టోబరు 16న, బెంగాల్ విభజన అమలైన రోజున, రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపుతో హిందువులూ ముస్లింలూ ఒకరికొకరు రాఖీలు కట్టుకున్నారు. అది శ్రావణ పౌర్ణమి కాదు, అందులో రక్షకుడు, రక్షితుడు అన్న తేడా కూడా లేదు. కానీ నేటి వాదనలో ఈ ఘట్టాన్ని ఎవరూ పట్టించుకోరు.

టాడ్ చెప్పిన అర్థమే చివరికి న్యాయస్థానం దాకా చేరింది. 2020 జులై 30న మధ్యప్రదేశ్ హైకోర్టు ఇండోర్ ధర్మాసనం, పొరుగింటి మహిళతో అసభ్యంగా ప్రవర్తించాడన్న కేసులో నిందితుడికి బెయిల్ ఇస్తూ, ఆగస్టు 3న మిఠాయితో ఆమె ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలని, ఆమెను ఎల్లకాలం శక్తిమేరకు రక్షిస్తానని మాట ఇవ్వాలని షరతు పెట్టింది. సోదరులు ఇచ్చే కానుకగా ఆమెకు 11,000 రూపాయలు కూడా ఇవ్వమంది. మహిళా న్యాయవాదులు సవాలు చేయగా, 2021 మార్చి 18న సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసి, వేధించిన మనిషిని కోర్టు ఆదేశంతో సోదరుడిగా మార్చడం నేరాన్ని పలచన చేయడమేనని తేల్చింది. కోర్టు తప్పుపట్టింది షరతును తప్ప పండుగను కాదని సంప్రదాయవాదులు అనడం నిజమే. అయితే ఆ షరతు పుట్టడానికి వీలు కల్పించిన అర్థం పురాణానిది కాదన్న సంగతి వారి వాదనలో వినిపించదు.

ఇచ్చే చేయే కాపాడుతుందన్న ఈ పాత అర్థం తెలుగువారికి తెలియని విషయమేమీ కాదు. ఈ పౌర్ణమి మనకు జంధ్యాల పౌర్ణమి. తెలంగాణలో రాఖీ ఇంత బలంగా వేళ్లూనుకున్నా ఆ పేరు పోలేదు. తోబుట్టువుల కోసం కార్తీక శుద్ధ విదియ నాడు భగినీ హస్త భోజనం ఉండనే ఉంది. యముడు చెల్లెలు యమున ఇంటికి వెళ్లి భోజనం చేసిన రోజుగా చెప్పుకునే ఆనాడు సోదరుడే సోదరి ఇంటికి వెళ్తాడు, ఆమె వడ్డించినది తిని కానుక ఇచ్చి వస్తాడు. అతనికి అపమృత్యు భయం, నరక భయం తొలగించేది ఆమె చేతి అన్నమేనని నమ్మకం.