ముక్తసరి ఎక్కడి మాట?

రాజోలు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "ముక్తసరిగా మాట్లాడాడు అంటాం కదండీ. ముక్త అంటే వదిలేసినది, సరి అంటే చాలు. 'ఇక చాలు, వదిలెయ్' అన్నట్టు మాట్లాడటమని మాకు బళ్లో చెప్పారు. నిజమేనా?"

వివరణ చక్కగా అతికింది గానీ నిజం కాదు. ఈ మాటకి ముక్తితో సంబంధం లేదు. ఇది అరబ్బీ మాట. అసలు రూపం ముఖ్తసర్, అంటే కుదించినది, సంగ్రహం. పారశీకం, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. ఖర్చుని కర్చు, ఖాళీని కాళీ అనడం మన నోటికి అలవాటు కాబట్టి ముఖ్త కాస్తా ముక్త అయింది. అక్కణ్ణుంచి చూసినవాళ్లందరికీ సంస్కృత పదంలాగే కనిపించింది. ప్రతి మాటకీ సంస్కృతంలో మూలం ఉండి తీరాలన్న నమ్మకాన్ని నేను మూఢనమ్మకాల్లోనే వేస్తాను. అది అసలు కథ జోలికి మనల్ని వెళ్లనివ్వదు. ఈ మాట విషయంలో ఆ కథ చాలా అందమైనది.

తెలుగులో మాటకి తోకలు తగిలిస్తాం: ఇల్లు, ఇంటికి, ఇంట్లోంచి. అరబ్బీ పద్ధతి వేరు. అక్కడ ధాతువు అంటే ఎక్కువగా మూడు హల్లులు. ఆ మూడూ వరస తప్పవు. వాటి మధ్య అచ్చులు మారుతూ ఉంటే కొత్త మాటలు పుడతాయి. అమలాపురం పక్కన బండారులంకలో మగ్గం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పడుగు, అంటే నిలువు పోగులు, ఒకసారి ఎక్కించాక కదలదు. పేక, అంటే అడ్డం పోగులు, మార్చిన కొద్దీ బట్ట మారుతుంది. హల్లులు పడుగు, అచ్చులు పేక.

హ-స-ల అనే పడుగు తీసుకుందాం. చేతికి రావడం, దక్కడం దీని మూలార్థం. ఒక పేక వేస్తే హాసిల్, చేతికొచ్చినది. ఇంకోటి వేస్తే తహ్సీల్, రాబట్టడం. మన తహసీల్దారు పేరు అందులోంచే వచ్చింది. ముందు ఒక 'మ' చేర్చి నేస్తే మహ్సూల్, రాబడి. డెల్టాలో కోతలయ్యాక రైతులు చెప్పుకునే మాసూళ్లు అదే! కళ్లంలో ధాన్యం రాశికీ మండలాఫీసులో కుర్చీకీ మూడు హల్లుల చుట్టరికం ఉంది. బళ్లో 'అన్యదేశ్యాలు' అని ఒక్క వాక్యంతో దాటించే బదులు ఈ ఒక్క ఉదాహరణ చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరని నా నమ్మకం. (వసూలు ఈ ఇంటిది కాదు. దాని పడుగు వ-స-ల, చేరడం.)

ఇప్పుడు మన మాట. పడుగు ఖ-స-ర. ఇదే ధాతువులో ఖస్ర్ అంటే నడుము, ఒంట్లో సన్నగా ఉండే చోటు. ఇక్కడ అరబ్బీ ఇంకో పని చేస్తుంది. మొదటి హల్లు తర్వాత ఒక 'త'ను చొప్పిస్తుంది. జాందానీ నేతలో బుటా (పువ్వు) కోసం పడుగు పోగుల మధ్య విడిగా ఒక పోగు దూర్చినట్టు. ఖ-స-ర కాస్తా ఖ-త-స-ర అవుతుంది. ఇఖ్తిసార్ అంటే కుదించడం. ఈ 'త' పోగు మనకి తెలిసిన చాలా మాటల్లో ఉంది. న-జ-మ మీద నిజాం, 'త' దూరిస్తే ఇంతజాం. షోకుకి మూలమైన షౌక్‌లో 'త' దూరిస్తే ముష్తాక్. తమీజ్ ఉన్న ధాతువులోనే 'త' దూరిస్తే ముంతాజ్.

ఇక 'ము'. ఇది ముందు చేరితే ఆ పని చేసేవాడో, ఆ పని జరిగినదో వస్తుంది. ఏది అన్నది చివరి హల్లుకి ముందున్న అచ్చు తేలుస్తుంది. ఇకారం ఉంటే కర్త, అకారం ఉంటే కర్మ. మున్సిఫ్‌లో ఇకారం ఉంది, న్యాయం చేసేవాడు. 1984లో పదవి పోయేదాకా మన ఊళ్లని ఏలిన మునసబు ఆయనే. ముఖ్తసిర్ అంటే కుదించేవాడు, ముఖ్తసర్ అంటే కుదించబడినది. మనకి వచ్చింది రెండోది. ఈ అకారాన్ని గుర్తుపెట్టుకోండి.

గోదావరి తీరానికి పారశీకం కొత్త కాదు. రాజమండ్రి పెద్ద మసీదు ద్వారం మీద 1324 నాటి పారశీక శాసనం ఉంది. 16వ శతాబ్దంలో గోల్కొండ ఏలుబడి వచ్చింది. 1765లో మొగలు ఫర్మానాతో సర్కారు జిల్లాలు ఈస్టిండియా కుంపిణీ చేతికి వెళ్లాయి. దొరలు మారినా కచేరీ మాటలు మారలేదు.

ఇంగ్లీషువాళ్లు ఇలాంటి మాటతీరుని లాకోనిక్ అంటారు. అది గ్రీసులో స్పార్టా ఉన్న లాకోనియా ప్రాంతం పేరులోంచి వచ్చింది. ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక కథ చెప్పాడు. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్పు "నేను లాకోనియాలోకి అడుగుపెడితే మిమ్మల్ని వెళ్లగొడతాను" అని కబురు పంపాడు. స్పార్టావాళ్లు ఒక్క మాట రాసి పంపారు: "పెడితే." వాళ్లకి ఆ పొదుపు గర్వకారణం.

ముక్తసరిలో ఆ గర్వం ఉండదు. అరబ్బీలో ధర్మశాస్త్ర సంగ్రహాలకి ముఖ్తసర్ అని గౌరవంగా పేరు పెట్టుకునేవారు, ఉర్దూలో ఈనాటికీ దానికి చెడ్డ అర్థం లేదు. తెలుగులో మాత్రం కాస్త ముభావం, అయిష్టం వచ్చి చేరాయి. ఎందుకంటే, నాకు తోచినంతవరకు, ఆ కర్మార్థం ఇంకా బతికే ఉంది. కుదించబడినది అంటే అంతకు ముందు పెద్దది ఒకటి ఉండాలి కదా. పుస్తకాన్ని కుదిస్తే చదివేవాడికి మేలు. ఎదురుగా ఉన్న మనిషి మాటని కుదిస్తే, మిగతాది లోపలే దాచుకున్నాడని మనకి తెలిసిపోతుంది. 'కట్టె, కొట్టె, తెచ్చె' అన్న మూడు మాటల రామాయణాన్ని క్లుప్తం అంటాం గానీ ఎవరూ ముక్తసరి అనరు. అందులో దాచింది ఏమీ లేదు.

కోనసీమలో దీన్ని రోజూ వినొచ్చు. "భోజనం అయ్యిందా అండీ?" అని అడిగితే "ఆయ్" అంటారు. ఒకే అక్షరం, పైన ఒక పొల్లు. అయినా అందులో మర్యాద ఉంది, మాట సాగనిచ్చే చనువు ఉంది. అదే ప్రశ్నకి ఒకాయన మొహం తిప్పుకుని "ఆఁ, అయ్యింది లెండి" అన్నాడనుకోండి. అక్షరాలు ఎక్కువే పడ్డాయి. అయినా ఇంటికి వెళ్లి మనం చెప్పేది, ఆయన ముక్తసరిగా మాట్లాడాడనే.