పగలు బిగుసుకునే దవడ, రాత్రి కొరికే పళ్ళు

పరీక్షల కాలంలో విజయవాడ, గుంటూరు కళాశాలల హాస్టళ్ళలో పక్క మంచం కుర్రాడు నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడని వినిపించే ఫిర్యాదు కొత్తదేమీ కాదు. ఆ చప్పుడుకు గదిలో అందరికీ మెలకువ వస్తుంది గాని, కొరికేవాడికి మాత్రం దాని సంగతే తెలియదు. చదువుల ఒత్తిడి వల్లే ఇలా జరుగుతోందని పెద్దలు తేల్చేస్తారు. అందులో కొంత నిజం ఉంది. అయితే ఒత్తిడి ప్రభావం రాత్రి కొరుకుడు మీద కంటే పగటి బిగింపు మీదే స్పష్టంగా కనిపిస్తుంది.

నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి తగలనవసరం లేదు. దవడ విశ్రాంతిగా ఉన్నప్పుడు వాటి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. మిర్చి యార్డులో సీజను జోరుగా ఉన్న రోజున కమీషన్ దుకాణంలో లెక్కలు సరిచూస్తున్న గుమాస్తా ముఖాన్ని కాస్త పరీక్షగా చూడండి. అంకె తేడా వచ్చినప్పుడల్లా చెవి కిందుగా, చెంప వెనుక భాగంలో ఒక కండరం చిన్న ఉండలా పొంగి, మళ్ళీ అణుగుతుంది. నమలడానికి ఉపయోగపడే బలమైన కండరాల్లో అదొకటి. ఆందోళనలో భుజాలు బిగుసుకున్నట్టే దవడా బిగుసుకుంటుంది. చప్పుడు రాదు కనుక ఎవరూ పట్టించుకోరు. సాయంత్రానికి కణతలు లాగుతుంటే ఎండ దెబ్బేమో అనుకుంటారు.

రాత్రి జరిగేది వేరు. నిద్ర మధ్యలో మెదడు కొన్ని సెకన్లపాటు, మనకు తెలియకుండానే, మెలకువ అంచుదాకా వస్తుంటుంది. అప్పుడు ముందుగా గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు లయబద్ధంగా బిగుసుకుంటాయి. పళ్ళు రాసుకుని చప్పుడయ్యేది ఆ క్షణంలోనే. ఇది ఎక్కువగా గాఢత లేని నిద్రలో జరుగుతుంది. అందుకే రాత్రి పొద్దుపోయాక తాగే కాఫీ, మద్యం, పొగ, నిద్రలో శ్వాస ఆగే జబ్బు, కుంగుబాటుకు వాడే కొన్ని మందులు కూడా దీనికి తోడవుతాయి. (ఆ మందులను సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం.) పసిపిల్లలు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయనడం మన ఇళ్ళలో మామూలే, దానికి గట్టి ఆధారం లేదు, చాలామంది పిల్లల్లో ఈ అలవాటు వయసుతోపాటు దానంతటదే తగ్గిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారిలో పళ్ళు కొరకడాన్ని, బిగించడాన్ని జబ్బుగా కాక, పళ్ళకు హాని చేయగల ఒక ప్రవర్తనగా చూడాలని 2018లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు. కాబట్టి పళ్ళ మొనలు అరిగి చదునైనా, చల్లని నీళ్ళకు జివ్వుమన్నా, పొద్దున లేవగానే దవడ నొప్పిగా ఉన్నా దంతవైద్యుణ్ణి కలవాలి. ఆయన పళ్ళ అచ్చు తీసి చేయించే నైట్ గార్డు (నిద్రపోయేటప్పుడు పళ్ళకు పెట్టుకునే తొడుగు) అరుగుదలను ఆపుతుంది గాని కొరుకుడును మాన్పించదు. ఈ తేడా తెలియక డబ్బు వృథా అయిందని బాధపడేవారున్నారు. కొరుకుడు మాన్పిస్తామని మంచి పళ్ళను అరగదీసే చికిత్సకు మాత్రం తొందరపడి ఒప్పుకోకూడదు, పోయిన ఎనామిల్ (పంటి గట్టి పైపొర) తిరిగి రాదు. నిమ్మకాయ సోడా వంటి పుల్లనివి తాగాక ఎనామిల్ కాసేపు మెత్తబడుతుంది కనుక, కొరికేవారికి ఆ అలవాటు రెట్టింపు నష్టం.

పగటి బిగింపుకు ఖర్చులేని ఉపాయం ఉంది: పెదవులు కలిసి, పళ్ళు విడిగా, నాలుక కొన పై పళ్ళ వెనుక అంగిలికి ఆని ఉండాలి. దీన్ని ఊరికే గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి ఏదో ఒక పనికి ముడిపెట్టాలి. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడినప్పుడో, ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడో దవడ ఎలా ఉందో చూసుకుని వదులు చేస్తుంటే, కొన్ని వారాల్లో ఆ ధ్యాస దానంతటదే వస్తుంది. నిద్రలో కొరుకుడుతోపాటు గట్టి గురక, పగటిపూట ఆగని కునికిపాట్లు ఉంటే దంతవైద్యుడొక్కరితో సరిపోదు. శ్వాసకోశ నిపుణుడి దగ్గర నిద్ర పరీక్ష చేయించుకోవాలి.