మారుతి 800: ఇంజిన్ అడ్డం తిరిగితే ఏమైంది?

చలికాలం పొద్దున్నే పాత మారుతి 800ని స్టార్ట్ చేయడానికి ఒక పద్ధతి ఉండేది. చోక్ నాబ్ బయటికి లాగాలి, తాళం తిప్పాలి, ఇంజిన్ అందుకోగానే నాబ్‌ని మెల్లగా లోపలికి నెట్టాలి. ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. చోక్ లాగితే, గాలినీ పెట్రోలునీ కలిపే కార్బురేటర్ నోటికి ఒక రేకు అడ్డం పడుతుంది. గాలి తగ్గి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. నాబ్ నెట్టడం మరిచిపోతే నల్లపొగ, పెట్రోలు కంపు, మైలేజీకి గండి.

1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ ఈ కారు తొలి తాళాలు అందించారు. ధర 50 వేలకు అటూ ఇటూ. అప్పటికి రోడ్ల మీద ఎక్కువగా కనిపించే అంబాసిడర్, పద్మిని రెండూ పాతకాలపు యూరప్ డిజైన్లే. కొత్త కారుకు మూలం సుజుకి వాళ్ల ఫ్రాంటే. చిన్న కార్లకు జపాన్ ప్రభుత్వం పొడవు, వెడల్పు ఇంతేనని గిరి గీస్తే, ఆ గిరిలో ఇమిడేలా తయారైన బండి అది.

ఈ కారు గురించి అందరూ ధర, మైలేజీ చెబుతారు. నేనైతే బానెట్ ఎత్తి చూడమంటాను. అంబాసిడర్‌లో ఇంజిన్ కారు పొడవు వెంట నిలువుగా ఉంటుంది. దాని వెనక గేరుబాక్సు, అక్కడి నుంచి వెనక చక్రాల దాకా కారు కింద పొడవాటి షాఫ్టు. దానికి చోటివ్వడానికే లోపల నేల మధ్యలో గట్టులా లేస్తుంది. 800లో ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి, గేరుబాక్సుని దాని పక్కనే తగిలించి, శక్తిని నేరుగా ముందు చక్రాలకిచ్చారు. షాఫ్టు పోయింది, దాని బరువూ పోయింది. కారు మొత్తం పొడవు 3.3 మీటర్లే అయినా నలుగురు కూర్చోగలిగారు. వెనక సీట్లో ఐదుగురిని కుక్కిన పెళ్లి ప్రయాణాల సంగతి వేరే!

ఇంజిన్ సామర్థ్యం 796 సీసీ. అంబాసిడర్ పాత ఇంజిన్‌లో దాదాపు సగం. అయినా లాగేది. కారు బరువు సుమారు 650 కిలోలే, అంబాసిడర్ టన్ను దాటుతుంది. చిన్న ఇంజిన్‌కు తగ్గ చిన్న బరువు కాబట్టే సిగ్నల్ పడగానే ముందుకు దూకేది.

ఇందులో సిలిండర్లు మూడే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్‌లో పెట్రోలు మండితే, ఇందులో 240 డిగ్రీలకోసారి. మధ్యలో ఖాళీ ఎక్కువ. పైగా ఈ చివరి పిస్టన్, ఆ చివరి పిస్టన్ ఒకదానికొకటి తోడుగా కదలవు కాబట్టి ఇంజిన్ తూగుటుయ్యాలలా ఊగాలని చూస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు గేర్ రాడ్డులో తెలిసే ఆ సన్నని వణుకు అదే.

తేలికదనానికి మూల్యం కూడా ఉంది. రేకు పల్చన, ఎయిర్‌బ్యాగులు లేవు. హైవే మీద లారీ పక్కనుంచి దూసుకెళ్తే కారు జరిగినట్టయ్యేది. అప్పుడు డ్రైవర్‌కి టెన్షనే.

కాలుష్యం నియమాలు బిగిశాక కార్బురేటర్ పోయి, పెట్రోలుని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో ఒక సెన్సర్ కనిపెట్టి పెట్రోలు పాలు తేలుస్తుంది. చోక్ నాబ్‌తో పని లేకుండా పోయింది. 2010లో భారత్ స్టేజ్ 4 అనే ఇంకా కఠినమైన కాలుష్య నియమం వచ్చినప్పుడు మాత్రం ఈ కారుని దానికి తగ్గట్టు మార్చలేదు. ఆ నియమం ముందుగా అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఇక్కడ కొత్త 800 అమ్మకం అప్పుడే ఆగింది. మిగతా ఊళ్లకు మరో నాలుగేళ్లు వచ్చింది, 2014 జనవరి దాకా.