గుర్రం నడకకు తాళం ఉంది

ఆదివారం సాయంత్రం మెరీనాకు వెళ్లాం, నేనూ మా అక్క కొడుకూ. వాడికి ఎనిమిదేళ్లు. మర్నాడు స్కూల్లో ఇంగ్లిష్ టెస్ట్. వాక్, ట్రాట్, క్యాంటర్, గాలప్ అంటూ ఒక వరసంతా బట్టీ పట్టాలి. "మెల్లగా వెళ్తే నడక, స్పీడుగా వెళ్తే పరుగు. మధ్యలో ఇన్ని మాటలెందుకు పిన్నీ?" అని దారి పొడుగునా టెన్షన్ పడుతూనే ఉన్నాడు. అంతలో సవారీ గుర్రాన్ని కళ్లెం పట్టుకుని నడిపిస్తూ ఒకతను సర్వీసు రోడ్డు దాటుతున్నాడు. "కళ్లు మూసుకుని విను" అన్నాను.

వాడు మృదంగం క్లాసుకు వెళ్తాడు. రెండు క్షణాలు విని, తొడ మీద వేళ్లతో వేసి చూపించాడు: త-క-ధి-మి, త-క-ధి-మి.

వాక్ అంటే అదే. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక, కుడి ముందు. నాలుగు డెక్కలు విడివిడిగా, సమానమైన ఎడంతో నేలను తాకుతాయి. ట్రాట్‌లో కాళ్లు జత కడతాయి. ఎడమ ముందు కాలూ కుడి వెనక కాలూ ఒకేసారి పడతాయి, తర్వాత మిగిలిన జత. చెవికి రెండే దెబ్బలు: త-క, త-క. క్యాంటర్‌లో ముందు ఒక వెనక కాలు, తర్వాత ఎదురెదురు మూలల జత, చివర మిగిలిన ముందు కాలు. త-కి-ట, ఆ పైన ఒక చిన్న ఖాళీ. ఆ ఖాళీలో నాలుగు కాళ్లూ గాలిలోనే ఉంటాయి. వేగం ఇంకా పెరిగితే మధ్యలోని జత విడిపోయి మళ్లీ నాలుగు దెబ్బలవుతాయి, అదే గాలప్. కాబట్టి ఇవి ఒకే పరుగుకు పెట్టిన నాలుగు స్పీడ్ల పేర్లు కావు. శరీరం నాలుగు రకాలుగా పనిచేసే పద్ధతులు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద పరుగెడుతుందని మనకో సామెత ఉంది. క్యాంటర్‌లో గుర్రం నిజంగానే మూడు దెబ్బల మీద వెళ్తుంది, రౌతు ఎంత గట్టివాడైనా సరే.

కంటికి ఇది అందదు. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఎప్పుడైనా నేలను వదులుతాయా అన్నది చాలాకాలం తేలని వాదం. చిత్రకారులు కాళ్లు ముందుకూ వెనక్కూ బారచాపి, గాలిలో ఈదుతున్నట్టు గీసేవారు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటో తీశాడు. నాలుగు కాళ్లూ లేచిన మాట నిజమే. కానీ అది కాళ్లు చాచినప్పుడు కాదు, కడుపు కిందకు ముడుచుకున్నప్పుడు. అన్ని వందల ఏళ్లు గుర్రం మీదే బతికిన మనుషులకు కళ్లెదుటే ఉన్న సంగతి కనబడలేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గుర్రం తాళం మార్చడానికి ఒక ముఖ్య కారణం శక్తి ఖర్చు. 1981లో హోయ్ట్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిన్న గుర్రాలను ట్రెడ్‌మిల్ ఎక్కించి, అవి పీల్చే ఆక్సిజన్ కొలిచారు. ప్రతి గతికీ అతి తక్కువ శ్రమతో సాగే వేగం ఒకటుందని తేలింది. వాటి మానాన వదిలేస్తే గుర్రాలు ఆ వేగాల దగ్గరే తిరిగాయి. మధ్యలోని, ఖర్చు ఎక్కువయ్యే వేగాలను వదిలేశాయి.

మనుషులమూ అంతే. నడకలో ఒక పాదమైనా నేల మీద ఉంటుంది. మోపిన కాలు నిటారు కర్రలా నిలిస్తే దాని మీదుగా ఒళ్లు తిరగేసిన లోలకంలా ఊగుతూ ముందుకు పోతుంది. పరుగులో కాలు స్ప్రింగు అవుతుంది, రెండు పాదాలూ ఒక్క క్షణం నేలను వదులుతాయి. ఎప్పుడు నడక ఆపి పరుగు అందుకోవాలో చాలావరకు కాలి పొడవే చెబుతుంది. పెద్దవాళ్లం గంటకు సుమారు 7 కిలోమీటర్లు దాటితే పరుగందుకుంటాం. కాలు పొట్టిదైతే ఆ మార్పు ఇంకా ముందే వస్తుంది. నేను బస్సు కోసం గబగబా నడుస్తుంటే పక్కన వీడు పరుగెత్తాల్సి వస్తుంది. ఇద్దరి వేగమూ ఒకటే, క్రియలు మాత్రం వేరు. "అందుకా!" అన్నాడు. ఇన్నాళ్లూ తనకు ఓపిక తక్కువ అనుకున్నాడట.

మాటల కథ ఇంకా బాగుంటుంది. ఇంగ్లండులో క్యాంటర్‌బరీ అనే ఊరుంది. 1170లో అక్కడి చర్చిలోనే హత్యకు గురైన థామస్ బెకెట్ సమాధికి యాత్రికులు గుర్రాల మీద వెళ్లేవారు. ఆ యాత్రికుల తీరిక సవారీని తలుచుకుని క్యాంటర్‌బరీ గాలప్ అన్నారు, అది అరిగి క్యాంటర్ అయింది. లాటిన్‌లో నడవడానికి ఉన్న మాట నుంచి యాంబుల్ వచ్చింది. ముందు అది గుర్రం ఒకవైపు కాళ్లను వెంటవెంటనే వేస్తూ కుదుపు లేకుండా సాగే నడక. ఇప్పుడు తీరిగ్గా నడిచే మనిషికి వాడతారు. అంబులెన్స్ కూడా ఆ వేరు నుంచి పుట్టిందే, సైన్యం వెంట కదిలే ఆసుపత్రికి పెట్టిన పేరది.

గుర్రం మాట మనిషికి అంటుకోవడం మనకూ ఉంది. గుర్రం కదం తొక్కుతుంది, పేపర్లో కార్మికులూ కదం తొక్కుతారు. అమరకోశం గుర్రం గతులు ఐదని చెప్పింది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. ఆ ఐదూ నిఘంటువులోనే ఉండిపోయాయి, వాడుకలో దౌడు మిగిలింది. అయినా దీన్ని తెలుగు పేదరికం అనుకోను. ఇంగ్లిష్ కదలిక తీరును క్రియలోనే ఇమిడిస్తుంది. మనం క్రియను వచ్చాడు, ఎక్కాడు, దిగాడు అని ఉంచి, తీరును పక్కన చప్పుడుతో కడతాం. చకచకా ఎక్కాడు, టకటకా దిగింది, గునగునా వచ్చాడు. ఈ మాటల్లో అడుగులు చెవికి వినబడతాయి. అందుకే వాడికి అర్థాలు రాయించలేదు, చప్పుళ్లు రాయించాను.

డాక్టర్లూ చెవినే నమ్ముకున్నారు. గుండె మామూలు రెండు చప్పుళ్లకు మూడోది తోడైతే దాన్ని గాలప్ రిథమ్ అంటారు. "మూడంటే క్యాంటర్ కదా పిన్నీ?" అని వాడే పట్టుకున్నాడు. సరిగ్గా చూస్తే వాడిదే రైటు.

బస్టాపు వైపు వస్తుంటే వాడు నా పక్కన పరుగు మానేసి, పిల్లలు గుర్రమాట ఆడేటట్టు, ఒకే కాలు ఎప్పుడూ ముందుంచి గెంతుతూ వచ్చాడు. ఒక దెబ్బ పొడుగు, ఒకటి పొట్టి. కాసేపు తొడ మీద వేళ్లతో వెతికి, "ఇది మా క్లాసులో ఇంకా చెప్పలేదు" అన్నాడు.