డబ్బుల్లేవన్న మాటకి 1972లోనే జవాబు వచ్చింది

వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు క్లాసులో అందరితో పాటు కూర్చోబెట్టాలా, విడిగా స్పెషల్ స్కూలుకి పంపాలా అన్న గొడవ మళ్ళీ మొదలైంది. బడులు చెప్పే మాటలు మాత్రం పాతవే. ట్రైనింగ్ ఉన్న టీచర్ లేరు, అంత ఖర్చు మావల్ల కాదు, మిగతా పిల్లల చదువు పాడవుతుంది. అంధుల బడులు, బధిరుల బడులు ఎలా పుట్టాయో చాలామంది రాశారు కాబట్టి అదంతా వదిలేసి నేరుగా 1972కి వస్తాను. ఈ గొడవకి అసలు మలుపు అక్కడే ఉందని నా నమ్మకం.

ఊరు అమెరికా రాజధాని వాషింగ్టన్. 1971 మార్చిలో అక్కడ నాలుగో తరగతి చదివే ఒక పిల్లాడిని బడి నుంచి పంపేశారు. ప్రవర్తన బాగాలేదట. పంపేయాలని సిఫార్సు చేసిందీ ప్రిన్సిపాలే, సరేనన్నదీ ప్రిన్సిపాలే. పిల్లాడి వైపు మాట పూర్తిగా వినే విచారణ జరగలేదు. అలాంటి ఏడుగురు పిల్లల తరఫున కేసు వేశారు, అదే మిల్స్ కేసు. ఆ ఒక్క నగరంలోనే వైకల్యం ఉన్న పిల్లలు సుమారు 22,000 మంది ఉంటే, వాళ్ళలో 18,000 మంది దాకా తగిన ప్రత్యేక బోధన అందడం లేదన్న అంచనా కోర్టు ముందుకొచ్చింది.

బడులు నడిపే ఆ నగర విద్యా బోర్డు ఏం వాదించిందో జాగ్రత్తగా చూడాలి. చదువు చెప్పే బాధ్యత మాదేనని ఒప్పుకుంది. కానీ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) అదనంగా నిధులిస్తేనో, వేరే పనులకి పెట్టిన డబ్బు ఇటు మళ్ళిస్తేనో తప్ప కుదరదంది. ఇప్పుడు అడ్మిషన్ కోసం వెళ్ళిన తల్లిదండ్రులకి ప్రిన్సిపాల్ గదిలో మర్యాదగా, టీ ఇచ్చి మరీ చెప్పేది ఇదే మాట. జడ్జి జోసెఫ్ వాడీ 1972 ఆగస్టులో దీన్ని ఒప్పుకోలేదు. డబ్బు చాలకపోతే, ఏ పిల్లా ఏ పిల్లాడూ పూర్తిగా బయట ఉండిపోకుండా ఉన్న డబ్బునే అందరికీ సర్దమన్నారు. కొరత భారం మామూలు పిల్లల కంటే వైకల్యం ఉన్న పిల్లల మీద ఎక్కువ పడకూడదన్నారు. కుదిరినంతవరకు తగిన సాయంతో మామూలు క్లాసే మేలన్న మాట కూడా ఆ ఉత్తర్వులో ఉంది.

అంతకుముందు అమెరికాలోనే పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మానసిక వయసు అయిదేళ్ళకి చేరలేదని చెప్పి పిల్లల్ని బడిలో చేర్చుకోకుండా ఉండేందుకు చట్టమే వీలిచ్చేది. దాని మీదా కేసు నడిచింది, అక్కడా తల్లిదండ్రులే గెలిచారు. ఈ రెండు కేసుల ఊపులోనే వైకల్యం ఉన్న పిల్లలకి చదువు చెప్పి తీరాలని 1975లో అమెరికా దేశమంతటికీ చట్టం వచ్చింది. అదనపు ఖర్చు కోసం, దేశంలో ఒక్కో విద్యార్థి మీద సగటున పెట్టే ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందని అందులో రాశారు. ఆ 40 శాతం ఈనాటికీ ఇవ్వలేదు. సంతకం పెట్టిన సందర్భంలోనే అధ్యక్షుడు ఫోర్డ్, చేయగలిగిన దానికంటే ఎక్కువ మాటిస్తున్నామని ప్రకటనలో రాశారు.

బ్రిటన్ వేరే దారి పట్టింది. 1981 చట్టం మామూలు బడే మొదటి మాట అంటూనే షరతులు పెట్టింది. మిగతా పిల్లల చదువుకి అడ్డు రాకూడదు, వనరులు వృథా కాకూడదు. వాషింగ్టన్ కోర్టు మూసిన తలుపుని ఈ వనరుల షరతు మళ్ళీ తెరిచింది, దాన్ని తీసేయడానికి 2001 దాకా పట్టింది. ఆ చట్టానికి దారి చూపిన 1978 నివేదిక తత్వవేత్త మేరీ వార్నాక్ నడిపిన కమిటీది. 2005లో ఆవిడే మాట మార్చుకుని, క్లాసులో కూర్చున్నా కొంతమంది పిల్లలు ఒంటరిగానే మిగిలిపోతున్నారని, వాళ్ళకి చిన్న స్పెషల్ స్కూళ్ళు కావాలని రాశారు. స్పెషల్ స్కూళ్ళ వైపు వాదించేవాళ్ళు ఇప్పుడు ఆవిడ పేరే తెస్తున్నారు. ఆవిడ చూసిన ఒంటరితనం నిజమే. కానీ సాయం ఇవ్వకుండా కూర్చోబెట్టిన క్లాసుని చూసి అసలు కలిసి చదవడమే కుదరదని తేల్చేయడం నాకు సరిగ్గా అనిపించదు.

ఇటలీ 1977లోనే స్పెషల్ క్లాసులు ఎత్తేసింది. వైకల్యం ఉన్న విద్యార్థి ఉన్న మిడిల్ స్కూల్ క్లాసులో 20 మందికి మించి ఉండకూడదని రాసింది, సపోర్ట్ టీచర్‌ని ఆ క్లాసుకే పంపింది. అక్కడా లోటుపాట్లున్నాయి, అయినా పిల్లల్ని మళ్ళీ విడదీద్దామని ఆ దేశం వెనక్కి వెళ్ళలేదు.

ఇక అమెరికాలోని న్యూజెర్సీలో 1993లో తీర్పు వచ్చిన కేసు. డౌన్ సిండ్రోమ్ ఉన్న చిన్న పిల్లాడు, కిండర్‌గార్టెన్. బల్లల కింద దూరేవాడు, కొట్టేవాడు, బట్టల్లోనే పోసుకునేవాడు. మావల్ల కాదు, స్పెషల్ క్లాసుకి పంపుతాం అంది బడి. పిల్లాడు ఆ క్లాసులో ఉన్న ఏడాది కాగితాలు కోర్టు చూసింది. పిల్లాడి ప్రవర్తనకి ఒక ప్లాన్ లేదు, పాఠాన్ని వాడికి తగ్గట్టు మార్చింది లేదు, టీచర్‌కి చేయి అందించిన స్పెషల్ టీచర్ లేరు. సాయం ఇవ్వకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందినే కారణంగా చూపించి పిల్లాడిని పంపేయడం కుదరదంది. ఇప్పుడు బడికి వెళ్ళి మాట్లాడబోతున్న తల్లిదండ్రులు ఆ మూడే అడగండి: ఏ ప్లాన్ రాశారు, పాఠంలో ఏం మార్చారు, టీచర్‌కి తోడుగా ఎవర్ని ఇచ్చారు. జవాబు కాగితం మీద తీసుకోండి.